మెతుకు పట్టి చూస్తే...

చివరి విడత పోలింగ్ జరిగిన రోజు సాయంత్రం ఆరున్నర దాటిందంటే చాలు... టీవీ తెర నిండా అంకెలే. ఒక చానల్లో గెలిచిన పార్టీ, రిమోట్ నొక్కగానే పక్క చానల్లో ఓడిపోతుంది. తాతయ్య ఒక లెక్కను నమ్ముతాడు. మనవడు సెల్‌ఫోన్లో ఇంకో లెక్క తీసి చూపిస్తాడు. 'మన వీధిలో ఒక్కరినైనా అడిగారట్రా వీళ్లు?' అని బామ్మ అడిగిన మాటకు మాత్రం ఇంట్లో ఎవరూ జవాబు చెప్పరు. నిజానికి ఏ సర్వే గురించైనా అడగాల్సిన మొదటి ప్రశ్న అదే!

(ఆరున్నర దాకా ఆగడం చానళ్ల మర్యాదేం కాదు. 2009లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 126ఏ సెక్షన్ చేర్చారు. చిట్టచివరి విడత పోలింగ్ ముగిసి అరగంట గడిచేదాకా ఎగ్జిట్ పోల్ ఫలితాలు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.)

2024 జూన్ 1, శనివారం సాయంత్రం చానళ్ల మధ్య పెద్దగా తగవు లేదు. కేంద్రంలో ఎన్డీయేకి సీట్లు 350 దాటతాయని దాదాపు అందరిదీ ఒకటే పాట. యాక్సిస్ మై ఇండియా 361 నుంచి 401 అంది. టుడేస్ చాణక్య ఏకంగా 400 అని, 15 అటూ ఇటూ అంది. సోమవారం షేర్ మార్కెట్ తెరిచారు. సెన్సెక్స్ ఒక్కరోజులో 2,500 పాయింట్లు ఎగిరింది. మంగళవారం ఓట్లు లెక్కపెట్టారు. ఎన్డీయేకి 293 వచ్చాయి. అందులో బీజేపీవి 240. అంటే సొంతంగా మెజారిటీ లేదు. ముందురోజు ఎగిరిన సెన్సెక్స్ ఆ రోజు దాదాపు 4,390 పాయింట్లు కూలింది. సోమవారం ఆశపడి కొన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. యాక్సిస్ మై ఇండియా అధిపతి ప్రదీప్ గుప్తా టీవీ స్టూడియోలో, కెమెరాల ముందే కన్నీళ్లు పెట్టుకున్నారు. అంతకు అయిదేళ్ల ముందు, 2019లో అదే సంస్థ ఎన్డీయేకి 339 నుంచి 365 అంటే సరిగ్గా 353 వచ్చాయి. అప్పుడు నెత్తిన పెట్టుకున్నవాళ్లే ఇప్పుడు నవ్వారు.

అదే సంస్థ, అదే దేశం. మరి అయిదేళ్లలో ఏం మారింది?

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెడూ తినక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. సర్వే శాస్త్రమంతా ఈ వంటింటి సంగతి మీదే నడుస్తుంది. వెయ్యిమందిని లాటరీ తీసినట్టుగా ఎంచుకుని అడిగితే, నూటికి 95 సార్లు వచ్చే జవాబు అసలు సంఖ్యకు మూడు శాతం అటూ ఇటూలో ఉంటుంది. పదివేల మందిని అడిగితే ఆ తేడా ఒక శాతానికి దిగుతుంది. విచిత్రమేమిటంటే ఇందులో జనాభా ఎంత అన్నది దాదాపు లెక్కలోకే రాదు. హైదరాబాదుకు వెయ్యిమంది సరిపోతే దేశానికీ వెయ్యిమంది సరిపోతారు. గిన్నె అయినా గుండిగ అయినా మెతుకు మెతుకే కదా!

కాకపోతే పెళ్లివంట చేసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. గుండిగలో అడుగు మాడుతుంటే పైన పలుకుగా ఉంటుంది. మెతుకు పట్టేముందు గరిటె పెట్టి అడుగునుంచీ కలియబెట్టాలి. సర్వేలు తప్పేది సాధారణంగా లెక్కల్లో కాదు. కలియబెట్టడంలో.

1977 సంగతే చూడండి. ఎమర్జెన్సీ తరవాత వచ్చిన లోక్‌సభ ఎన్నికలు. ఎవరైనా హైదరాబాదులోనో బెజవాడలోనో నాలుగు వీధులు తిరిగి మెతుకు పట్టి ఉంటే ఇందిరాగాంధీదే గెలుపని రాసుకునేవాళ్లు. రాష్ట్రంలో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున నెగ్గారు. అదే ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో, బీహార్‌లోని 54 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటంటే ఒక్కటీ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీయే ఓడిపోయారు. ఆమె గెలుస్తారనే నిఘావర్గాలు చెప్పాయంటారు. ఎమర్జెన్సీ భయం ఇంకా పోనిరోజుల్లో, సర్కారు మనిషి వచ్చి 'ఎవరికి వేస్తావ్?' అంటే ఇంకేం చెప్తారు ఎవరైనా?

ఎక్కువమందిని అడిగినంత మాత్రాన గుండిగ కలిసిపోదు. అమెరికాలో 'లిటరరీ డైజెస్ట్' అని పెద్ద పేరున్న పత్రిక ఉండేది. 1936 అధ్యక్ష ఎన్నికలకు ఆ పత్రిక కోటిమందికి పోస్టులో నమూనా ఓటు చీటీలు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. అన్నీ లెక్కపెట్టి, రూజ్వెల్ట్ మీద లాండన్ గెలుస్తున్నారని ప్రకటించింది. తీరా రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నారు. పత్రిక చీటీలు పంపిన చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్ల రిజిస్టర్లలోంచి తీసినవి. ఆర్థికమాంద్యం రోజుల్లో ఇంట్లో ఫోనూ, గుమ్మంలో కారూ ఉన్నవాళ్లెవరు? పైగా తీరిక చేసుకుని జవాబు రాసేంత కసి ఉన్నవాళ్లెవరు? పత్రిక గుండిగ పైపైన ఉన్న మెతుకులే పట్టింది. అదే ఎన్నికల్లో చాలా తక్కువమందిని అడిగి ఫలితం సరిగ్గా చెప్పిన జార్జ్ గాలప్ పేరు ప్రపంచమంతా మోగిపోయింది. లిటరరీ డైజెస్ట్ 1938లో మూతపడింది.

ఒకప్పుడు టీవీ చానళ్లు 'అవును అయితే వై, కాదు అయితే ఎన్ టైప్ చేసి ఎస్సెమ్మెస్ పంపండి' అని అడిగేవి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో నడిచే పోల్స్ వాటి మనవలే. అవన్నీ లిటరరీ డైజెస్ట్ వంశం.

మనదేశంలో ఈ పనికి 1950లలో శ్రీకారం చుట్టినవారు ఎరిక్ డికోస్టా. ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ పెట్టారు. 1967 నుంచి సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ ఓటర్లమీద దేశవ్యాప్త అధ్యయనాలు మొదలుపెట్టింది. 1980లలో ప్రణయ్ రాయ్ వచ్చాక సర్వే ఇంటింటికీ చేరింది. ఆయన డేవిడ్ బట్లర్, అశోక్ లాహిరిలతో కలిసి మన ఎన్నికల లెక్కలన్నీ తిరగేసి ఒక సంగతి గట్టిగా చెప్పారు. ఇక్కడ గెలుపోటముల్ని తేల్చేది ఒక పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయన్నది ఒక్కటే కాదు. ఎదుటివాళ్లు ఎన్ని ముక్కలయ్యారన్నది కూడా. దానికి 'ప్రతిపక్ష ఐక్యతా సూచిక' అని పేరు పెట్టారు.

పేరు బరువుగా ఉన్నా తెలుగువాళ్లకు ఇది బాగా అనుభవమే. 39 శాతం ఓట్లు అంటే ఎన్ని సీట్లు? 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం వచ్చాయి. సీట్లు 23. 2024లో అక్కడే వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతం వచ్చాయి. సీట్లు 11. మధ్యలో 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కూ 39 శాతమే వచ్చాయి. సీట్లు 64. ఏకంగా అధికారమే వచ్చింది! తెలంగాణలో మిగతా ఓట్లు బీఆర్ఎస్, బీజేపీ, మజ్లిస్‌ల మధ్య చీలిపోయాయి. ఆంధ్రలో 2019లో అటువైపు 50 శాతం ఒకే పార్టీకి పడ్డాయి. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ ఒకే గొడుగు కింద చేరి 55 శాతం పోగేసుకున్నాయి. అంటే సర్వే చేసిన మనిషి ఓట్ల శాతం సరిగ్గా పట్టుకున్నా సీట్ల దగ్గర బోర్లా పడొచ్చు. చానళ్లకు కావలసిందేమో సీట్లే. 'ఫలానా పార్టీకి 39 శాతం' అంటే ఎవరు చూస్తారు?

అలాగని అందరూ తప్పుతారనీ కాదు. 2024లో కేకే సర్వేస్ అనే సంస్థ ఆంధ్రలో కూటమికి 161, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 14 అంది. చాలామంది నవ్వి ఊరుకున్నారు. వచ్చినవి 164, 11.

తెలుగునాట సర్వే అనగానే లగడపాటి రాజగోపాల్ పేరు రాకుండా ఉండదు. విజయవాడ ఎంపీగా పనిచేసిన ఆయన అంచనాలు వరసగా నిజమవుతుంటే జనం 'ఆంధ్రా ఆక్టోపస్' అని ముద్దుపేరు పెట్టారు. 2018 డిసెంబరులో తెలంగాణలో ప్రజాకూటమిది పైచేయి అని ఆయన చెప్పారు. టీఆర్ఎస్ 119కి 88 గెలిచింది. 2019లో ఆంధ్రలో తెలుగుదేశానికి వంద దాకా వస్తాయన్నారు. వైఎస్సార్ కాంగ్రెస్ 151 గెలిచింది. ఇక సర్వేలకు దూరంగా ఉంటానని ఆయనే ప్రకటించారు. ఆయన పక్కకు తప్పుకున్నారు సరే, ఆ అంకెలు నమ్మి పందేలు కాసినవాళ్ల మాటేమిటి? గోదావరి జిల్లాల్లో కోడిపందేల తరవాత అంత జోరుగా సాగేవి ఎన్నికల పందేలే. సర్వే అక్కడ వార్త కాదు, పెట్టుబడి. పొలం కాగితాలు చేతులు మారేదాకా వెళ్లిన పందేల గురించి ప్రతి ఎన్నికల తరవాతా వింటూనే ఉన్నాం.

లెక్కలు వచ్చినవాళ్లు, కంప్యూటర్లు ఉన్నవాళ్లు, వేలమందిని అడిగినవాళ్లు ఎందుకు పప్పులో కాలేస్తారు? జవాబు ఢిల్లీ ఆఫీసుల్లో దొరకదు. ఇంటి గుమ్మం దగ్గర దొరుకుతుంది.

పద్ధతిగా చేసే సర్వేలో ఎవరిని అడగాలో అడిగేవాళ్ల ఇష్టం కాదు. నియోజకవర్గాలను లాటరీ పద్ధతిలో తీస్తారు. వాటిలో పోలింగ్ బూత్‌లను, బూత్ ఓటరు జాబితాలో ఇన్నో పేరు చొప్పున మనుషులను అలాగే తీస్తారు. ఆ పేరు పట్టుకుని ఆ ఇంటికే వెళ్లాలి. చీటీలో 'అచ్చమ్మ, 62' అని ఉంటే అచ్చమ్మనే అడగాలి. ఎండలో మూడు కిలోమీటర్లు నడిచి వెళ్తే అచ్చమ్మ ఉపాధి పనికి వెళ్లి ఉంటుంది. ఆమె కొడుకు కూలికని బెంగుళూరు వెళ్లి ఏడాది అయి ఉంటుంది. పక్కింటి తలుపుకు తాళం. అరుగు మీద మాత్రం నలుగురు కుర్రాళ్లు కూర్చుని ఉంటారు. పిలిచి మరీ జవాబు చెప్తారు! రోజుకు ఇన్ని ఫారాలని లెక్కకట్టి కూలి ఇచ్చే చోట, సర్వేకు వచ్చిన డిగ్రీ కుర్రాడు ఏం చేస్తాడో ఊహించుకోవచ్చు. ఫారంలో అచ్చమ్మ జవాబులు నిండిపోతాయి. అచ్చమ్మకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఒకవేళ అచ్చమ్మ ఇంట్లోనే దొరికిందనుకుందాం. ఆమె మొదట అడిగేది 'ఎవరు పంపారు బాబూ?' అని. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్ ఉన్న మనిషిని చూస్తే ఆమెకు గుర్తొచ్చేది పింఛను జాబితా, రేషన్ కార్డు. పైన ఎవరు అధికారంలో ఉంటే వాళ్ల పేరు చెప్పడం క్షేమం. లేదంటే 'మా ఆయన్ని అడగండి' అంటుంది. ఆయన వచ్చి ఇద్దరి జవాబూ తనే చెప్తాడు. ఈలోగా వీధిలో వాళ్లు నలుగురు చుట్టూ చేరతారు. పది కళ్లు చూస్తుండగా ఎవరి మనసులో మాట ఎంత బయటికొస్తుంది? వచ్చినవాడు పట్నం కుర్రాడైతే ఒక జవాబు, తమ కులంవాడని తెలిస్తే ఒక జవాబు, ఎదుటి కులంవాడనిపిస్తే ఇంకో జవాబు.

ఈ భయానికి విరుగుడుగా సీఎస్‌డీఎస్‌కు చెందిన లోక్‌నీతి వాళ్లు ఎన్నో సర్వేల్లో చిన్న పెట్టె ఒకటి వెంట తీసుకెళ్తారు. పార్టీల గుర్తులున్న నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, పక్కకు వెళ్లి గుర్తుపెట్టి మడిచి పెట్టెలో వేయమంటారు. నోటితో చెప్పక్కర్లేదు. చాలా మామూలు ఉపాయమే. కానీ అందుకు పెట్టె కావాలి, తిరిగే మనుషులు కావాలి, సమయం కావాలి. రాత్రికి రాత్రే అంకెలు కావాలనే చానల్‌కు ఇవేవీ కుదరవు. ఫోన్ చేసి రికార్డు గొంతుతో అడిగించే పద్ధతి చవక. ఆ ఫోన్ ఇంట్లో ఎవరి జేబులో ఉంటుందో వేరే చెప్పాలా?

ఇంకో చిక్కుంది. వచ్చిన జవాబుల్లో మగవాళ్లు ఎక్కువగా, పల్లెలవాళ్లు తక్కువగా ఉంటే జనాభాలో వాళ్ల వాటా ఎంతో చూసి సరిచేస్తారు. ఆ వాటా ఎక్కడ చూడాలి? జనగణనలో. చేతిలో ఉన్న చివరి పూర్తి జనగణన 2011 నాటిది. 2021లో జరగాల్సింది వాయిదాపడి చివరికి 2027కి నిర్ణయమైంది. ఇక కులాల వాటా అంటారా... దేశం మొత్తానికి అన్ని కులాలనూ లెక్కించి ప్రకటించిన అంకెలు 1931 నాటివి. తెలంగాణ 2024 నవంబరులో సొంతంగా ఇంటింటి సర్వే చేసుకుంది. అది ప్రభుత్వ సర్వే, లక్షల ఇళ్లకు సిబ్బంది వెళ్లారు. అయినా మూడు శాతానికి పైగా కుటుంబాలు అందులోకి రాలేదు. వాళ్లకోసం 2025 ఫిబ్రవరిలో మళ్లీ గడువు ఇవ్వాల్సి వచ్చింది. ప్రభుత్వానికే తలుపు తియ్యనివాళ్లుంటే ప్రైవేటు సర్వే కుర్రాడి మాటేమిటి?

ఇన్ని తప్పులున్నా ఎన్నికల సర్వేకు ఒక మంచి గుణం ఉంది. దాని పరీక్ష పేపర్ దిద్దే రోజు ఒకటి ఉంటుంది. ఓట్ల లెక్కింపు రోజు ఎవరి బండారమేమిటో పదిగంటలకల్లా తేలిపోతుంది. 2004లో 'భారత్ వెలిగిపోతోంది' అన్న ప్రచారం మధ్య చాలా సర్వేలు వాజ్‌పేయికే పట్టం కట్టాయి. మే 13న కాంగ్రెస్ 145, బీజేపీ 138 అని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 294కు 47 దగ్గర ఆగింది. సర్వేలు తప్పాయని దేశమంతటికీ తెలిసింది.

ఏ ఎన్నికలూ లేనప్పుడు వచ్చే సర్వేలకు ఆ రోజంటూ ఉండదు. 'దేశంలో ఇంతశాతం మంది ఫలానా చట్టాన్ని సమర్థిస్తున్నారు', 'న్యాయస్థానాల మీద ఇంతమందికి నమ్మకం ఉంది', 'యువతలో ఇంతమంది కులాంతర వివాహానికి సిద్ధం'... ఇలాంటివి పొద్దున్నే కాఫీతోపాటు చదువుతాం. అవి తప్పని తేల్చే పెట్టె ఎక్కడా లేదు. ఎగ్జిట్ పోల్‌ను చూసి నవ్వే ఇళ్లలోనే ఈ అంకెలు చర్చకు రుజువులుగా చెలామణి అవుతాయి. ప్రభుత్వాలూ పార్టీలూ వీటిని చూసుకునే అడుగులు వేస్తాయి. అడిగే తీరు కొంచెం మారితే జవాబు ఎంత మారుతుందో ఇంట్లోనే పరీక్షించి చూడొచ్చు. 'ఉచితాలు ఆపెయ్యాలా?' అని ఒకరిని అడగండి. 'పేదవాళ్ల బియ్యం, ముసలివాళ్ల పింఛను ఆపెయ్యాలా?' అని ఇంకొకరిని అడగండి.

అందుకని ఈ సర్వేలు దండగని కాదు. జాగ్రత్తగా చేస్తే ఓట్ల లెక్కింపు చెప్పలేని సంగతులను చెప్తాయి. అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2019-20లో మనదేశంలో దాదాపు 30,000 మందితో, 17 భాషల్లో, ఎదురుగా కూర్చుని మాట్లాడించింది. 2021లో ఫలితాలు వచ్చాయి. నిజమైన భారతీయులు కావాలంటే అన్ని మతాలనూ గౌరవించడం చాలా ముఖ్యమని 84 శాతం అన్నారు. తమ కులం ఆడపిల్లలు వేరే కులంవాళ్లను పెళ్లాడకుండా ఆపడం చాలా ముఖ్యమని 64 శాతం అన్నారు. రెండు మాటలూ అన్నది ఒకే జనం. ఒక్క అంకె చదివి దేశం ఉదారమైనదనో, ఇంకో అంకె చదివి సంకుచితమనో రాసేస్తే సగం సర్వేనే చదివినట్టు.

లోక్‌నీతి 2024 ఎన్నికలకు ముందు 19 రాష్ట్రాల్లో 10,019 మందిని అడిగింది. ఓటు వేసేటప్పుడు అన్నిటికన్నా పెద్ద విషయం ఏమిటంటే 27 శాతం నిరుద్యోగమన్నారు. 23 శాతం ధరలన్నారు. అయోధ్య రామాలయం అన్నవాళ్లు 8 శాతం. ఉద్యోగం దొరకడం మునుపటికన్నా కష్టమైందని 62 శాతం చెప్పారు. జూన్ 4న అందరూ ఆశ్చర్యపోయిన సంగతి ఏప్రిల్లోనే ఆ పట్టికలో కూర్చుని ఉంది. కానీ చానళ్లకు అందులో సీట్లు కనబడలేదు. ఆ సర్వే కూడా బీజేపీకి 40 శాతం ఓట్లన్న మాట నిజమే. వచ్చినవి 37 శాతం లోపే. జనం కష్టం చెప్పుకున్నంత సులువుగా ఓటు చెప్పరు మరి.

ఇలాంటి పట్టికల్లో చిట్టచివర ఒక గడి ఉంటుంది. 'తెలియదు, చెప్పలేను' అని. దాన్ని ఎవరూ చూడరు. అందులో ఉండేవాళ్లెవరని విడదీసి చూస్తే మగవాళ్లకన్నా ఆడవాళ్లు, చదువుకున్నవాళ్లకన్నా చదువుకోనివాళ్లు, పట్నంవాళ్లకన్నా పల్లెవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. కొందరికి నిజంగానే ఏమీ అనిపించకపోవచ్చు. కొందరికి ఆ ప్రశ్న వాళ్ల భాషలో లేకపోవచ్చు. ఇంకొందరు, వచ్చినవాడిని ఎగాదిగా చూసి, మనసులో మాట మనసులోనే ఉంచుకుని, 'మాకేం తెలుసు బాబూ!' అని తలుపు వేసుకుని ఉంటారు. వాళ్లు మాత్రం పోలింగ్ రోజు పొద్దున్నే క్యూలో ఉంటారు. టీవీ తెరమీదికి వచ్చేసరికి ఆ గడి ఉండదు. అందులోని శాతాన్ని ఉన్న పార్టీలకు వాటాలవారీగా పంచేసి, మొత్తం వందకు సరిపెడతారు.